వెన్నెల్లో జీలకర్ర గింజ

“దీని మూత తీశాను. ఇక మీ నోటికి పెట్టుకోండి” అంటూ టెలిస్కోపు మూత తెచ్చి నా చేతిలో పెట్టింది మా ఆవిడ. నోటికి పట్టదు గనక ఒళ్ళో పెట్టుకున్నాను. ఇక కదలకూడదు. కుర్చీ కిర్రుమనకూడదు. పెరటి గచ్చు మీద నేను నాలుగడుగులు వేస్తే ఆ అదురు స్టాండు కాళ్ళు ఎక్కి, గొట్టం ఎక్కి, కెమెరాలోకి దూరి, సూదిమొనల్లా ఉండాల్సిన చుక్కల్ని గుడ్లగూబ కళ్ళంత చేస్తుందట. దగ్గొస్తే మింగాలి. దగ్గును మింగగలను, కానీ మాటను మింగడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు, అందుకే ఇలా లోపల్లోపలే మాట్లాడుకుంటున్నాను, లోపల మాట్లాడితే గచ్చు అదరదు కదా. బట్టలారేసే తీగకూ నీళ్ళ తొట్టికీ మధ్య టెలిస్కోపు, దాని వెనక కెమెరా, కెమెరా నుంచి ఒక వైరు, వైరు చివర బల్ల మీద ల్యాప్‌టాపు, దాని వెలుగు బయటికి చిందకుండా తెర మీద కప్పిన నా బనీను, బనీను పోగా మిగిలిన నేను. నా పక్కన పీట మీద ఆవిడ, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఉద్యోగం చేసిన రోజుల్లో ఎక్స్‌రే గదిలో కూర్చున్నట్టే కూర్చుంది. నెత్తిన చంద్రుడు.

చంద్రుడంటే మామూలుగా లేడు, ఎవరో డబ్బులిచ్చి అద్దెకు తెచ్చినట్టున్నాడు. తీగ మీద మరిచిపోయిన క్లిప్పుల నీడలు కూడా గచ్చు మీద విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంత వెన్నెల్లో గెలాక్సీని ఫోటో తీయడమంటే బస్టాండు మధ్యలో నిలబడి దోమ ఏం పాడుతోందో వినడం లాంటిది. చీకటి రాత్రులు లేకపోలేదు, కానీ చీకటి ఉన్నన్నాళ్ళూ మబ్బు వదల్లేదు, మబ్బు వదిలేసరికి ఈయన వచ్చి కూర్చున్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగుదామన్నాను. “రేపు పొద్దున్నే బడి నుంచి బండి వస్తుంది” అంది. వీధి చివర బడిలో సైన్సు చెప్పే పంతులమ్మకు ఫోన్ చేసి, టెలిస్కోపూ కెమెరా స్టాండూ పెట్టెలతో సహా ఇచ్చేస్తానని మాట ఇచ్చేసింది. పిల్లలు చూసుకుంటారు, నా దగ్గరుంటే దుమ్ము పడుతుంది అంది. దుమ్ము అన్న మాటను నా వైపు తిరగకుండా అంది. నేను కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒక్క రాత్రి ఇచ్చింది. ఈ రాత్రి ఇద్దరం కలిసి ఒక్క బొమ్మ తీయాలి, అందులో ఉన్నది నిజంగా ఆకాశంలో ఉన్నదేనని ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలగాలి. అలాంటి బొమ్మ వస్తే పంతులమ్మకు ఫోన్ చేసి బండి వద్దంటుంది. రాకపోతే రేపీపాటికి ఈ గచ్చు మీద మూడు కాళ్ళ గుర్తులుంటాయి, వాటి పక్కన మేమిద్దరం ఉంటాం.

ఆవిడ చూపు నడుమ పొగ పట్టింది. అంచులు బాగానే ఉన్నాయి, నడుమ మాత్రం గాజు మీద ఎవరో బొటనవేలు పెట్టి రుద్దినట్టయిపోయింది. నా వైపు చూస్తే చెవులు రెండూ కనిపిస్తాయట, వాటి మధ్య ముఖం ఉండదట. “ఇన్నేళ్ళు చూసిన ముఖమేగా, ఖాళీ ఉంటే నేనే నింపుకుంటాను” అంది ఒకసారి. “ఏ వయసు ముఖం పెట్టుకుంటున్నావోయ్?” అనడిగితే “డాక్టరు చెబుతారు” అంది. అది ఆవిడ ఊతపదం. ఆసుపత్రిలో ఎంతమంది ఎముకల్నో ఫోటోలు తీసింది, ఫిల్ము చేతిలో ఉండగానే విరిగిందీ లేనిదీ తనకు తెలిసిపోయేది, కానీ ‘ఏమైందమ్మా’ అని ఎవరు ఏడుస్తూ అడిగినా ‘డాక్టరు చెబుతారు’ అనడమే, ఉన్నదానికి వెంట్రుకంత కలపదు, వెంట్రుకంత తీయదు. పెళ్ళైన కొత్తలో నా మీద ప్రేమ ఉందా అనడిగినా అదే జవాబు వచ్చింది. తన కన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం తనే ముందు చెప్పేసింది: “నడుమ పోయింది, తిరిగి రాదు. అంతే కదండీ డాక్టరుగారూ?” ఆయన తలూపి, “అంచులు మాత్రం ఎక్కడికీ పోవమ్మా” అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద, ఆవిడ చెప్పులు వేసుకుంటుండగా, ఎవరికి పెట్టానో నాకే తెలియదు గానీ ఒక దండం పెట్టాను. అంచులు వదిలిపెట్టినందుకు. వదిలిపెట్టకపోయినా అడిగేవాళ్ళెవరు?

ఆ తర్వాత పుస్తకాలు అటకెక్కాయి, కుట్టుమిషను మీద దుప్పటి పడింది, పొద్దంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని వినడం మొదలుపెట్టింది. ఆకాశం ఒక్కటే మిగిలింది. చుక్క ఎక్కడుందో స్టాండులోని మోటారు వెతుక్కుంటుంది, కెమెరా చూస్తుంది, ల్యాప్‌టాపు లెక్కలు కడుతుంది, మీటలు ఆవిడ వేళ్ళకు కంఠతా వచ్చు, చిట్టచివర తెర మీద ఏముందో చెప్పడానికి ఒక్క మనిషి ఉంటే చాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ నేనే.

నా సంగతి వీధి మొత్తానికి తెలుసు. ఊళ్ళో ఒకే గది బడి మాది, ఒకే పంతులు, ఆయన బల్ల మీద ఒక పలక పెట్టి ఎన్నున్నాయిరా అంటే నేను రెండు అనేవాణ్ణి. రెండో దాని గురించి అప్పటికప్పుడు ఒక కథ కూడా చెప్పేవాణ్ణి. “వీడికి ఒకటి చూపిస్తే రెండు కనిపిస్తాయి, వీణ్ణి పశువుల్ని లెక్కపెట్టడానికి మాత్రం పంపకండి” అని మా నాన్నతో అన్నాడు ఆయన. పశువుల జోలికి పోకుండా బస్సు నడిపాను. బస్సు నడిపినవాడికి కథలు దారి పొడుగునా దొరుకుతాయి. ఒక తెల్లవారుజామున పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, నేను దిగి రెండు చేతులతో పక్కకు తోసుకుంటూ ముందు నడిచాను, బస్సు నా వెనకాలే కుక్కపిల్లలా వచ్చింది. ఇంకోసారి హెడ్‌లైట్లు పోతే ఇదిగో ఈ చంద్రుడే కిటికీ పక్కన పరిగెత్తుకుంటూ వచ్చి డిపో దాకా దిగబెట్టాడు, టికెట్ లేకుండా ప్రయాణం చేశాడని కండక్టరు పట్టుబట్టి దిగనివ్వలేదు, ఆ రాత్రి మిగతా ఊళ్ళకు చంద్రుడు ఆలస్యంగా వెళ్ళాడు. సెలూన్ కుర్చీలో ఈ కథ చెబుతుంటే గడ్డం గీసే అతను నవ్వాపుకోలేక కత్తి పక్కన పెట్టేస్తాడు. నమ్మాడని కాదు. నమ్మకపోవడానికి కూడా మనిషి పక్కనుండాలి కదా, వాళ్ళంతా ఇన్నాళ్ళూ నన్ను ఓపిగ్గా నమ్మకుండా కూర్చున్నారు, ఆ రుణం తీర్చగలనా.

టిక్కుమంది. కెమెరా ఒక బొమ్మ మూసి ఇంకో బొమ్మ తెరిచింది. కింద మోటారు గోడ గడియారం కంటే మెల్లగా, ఆకాశం తిరిగే వేగంతోనే గొట్టాన్ని తిప్పుతోంది. ఒక్కో బొమ్మలో ఏమీ ఉండదట, బూడిద తప్ప. అలాంటివి బోలెడు తీసి ఒకదాని మీద ఒకటి పరిస్తే, అన్నింట్లోనూ ఉన్నది నిలబడుతుందట, ఏదో ఒకదాంట్లో వచ్చిపోయింది చెరిగిపోతుందట. మధ్యలో ఒక విమానం పోయినా, ఒక మిణుగురు అడ్డం వచ్చినా, పైన పరిచిన బొమ్మలన్నీ కలిసి దాన్ని బయటికి నెట్టేస్తాయి. మొదటిసారి ఆవిడ ఇది చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, అట్లయితే నా కథల్ని కూడా పరిచి చూడవోయ్ అన్నాను. మేమిద్దరం ఎలా కలిశామన్న కథ ఒక్కటే తీసుకున్నా చాలు. సెలూన్‌లో చెప్పినప్పుడు, లోయలోకి జారుతున్న బస్సును భుజంతో ఆపి పక్కటెముక విరగ్గొట్టుకున్నాను. డిపోలో చెప్పినప్పుడు, ఎద్దు పొడిచింది. పక్కింటాయనకు చెప్పినప్పుడు, అదే ఎద్దు, కానీ నేనే ముందు పొడిచాను. డిపో మెట్టు మీద అరటితొక్క తొక్కి జారానన్నది ఎవరికీ చెప్పలేదు, అందులో బలం లేదు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే లోయ పోతుంది, ఎద్దు పోతుంది, ఏం నిలుస్తుంది? చీకటి గది. వీపుకు తగిలిన చల్లటి పలక. అద్దం వెనక నుంచి ఒక గొంతు, “ఊపిరి బిగపట్టండి” అని. నేను బిగపట్టాను. మీట నొక్కిన చప్పుడైంది. ఆ తర్వాత “వదలండి” అనాలి, ఆ అమ్మాయి అనడం మరిచిపోయింది, నేను ఆనాటి నుంచీ బిగపట్టుకునే ఉన్నాను. ఈ ఒక్క ముక్క మాత్రం ఏ కథలోనూ మార్చలేదు. “చెప్పాను. మీకే వినపడలేదు” అంటుంది ఆవిడ ఇన్నేళ్ళుగా. అరటితొక్క తిని పారేసిన ఆ మహానుభావుడెవరో, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

గోడ మీద తల లేచింది. పక్కింటాయన, కార్లు నడపడం నేర్పుతాడు, మమ్మల్ని బాబాయ్, పిన్నీ అంటాడు.

“ఏంటి బాబాయ్, ఒంటి మీద బనీను లేకుండా కూర్చున్నావ్? పిన్ని బయటికి గెంటేసిందా?”

నేను ఒళ్ళోంచి మూత తీసి చూపించాను.

“మాట్లాడవేంటి? పిన్నీ, బాబాయ్ మాట్లాడట్లేదు! డాక్టర్ని పిలవమంటావా?”

“బాగానే ఉన్నారు బాబూ. నోటికి కాస్త రెస్టు ఇచ్చాం. నీ గుమ్మం లైటు ఆర్పు, పుణ్యముంటుంది.”

“నాది ఆర్పుతాలే పిన్నీ. మరి ఆ పెద్ద లైటు సంగతేంటి?” చంద్రుణ్ణి చూపించాడు.

“దాని స్విచ్చి ఎక్కడుందో మీ బాబాయ్ ఈపాటికి చెప్పే ఉంటారు.”

“చెప్పాడు. చిన్నప్పుడు ఊళ్ళో రోజూ ఈయనే ఆర్పేవాడట.” నవ్వాడు, నవ్వులోనే జారింది మాట: “ఈసారన్నా గెలాక్సీయేనా పిన్నీ, మళ్ళీ దుమ్మేనా?”

అని నాలుక కరుచుకున్నాడు. లైటు ఆరింది. తల దిగిపోయింది. ఆవిడ ఒళ్ళో చేతులు ఒకదాని కిందికి ఒకటి మారాయి.

ఆ దుమ్ము నాదే. కిందటి నెల, మబ్బుల మధ్య కాస్త సందు దొరికిన రాత్రి, తెర మీద ఒక గుండ్రటి మచ్చ కనిపించింది నాకు, నడుమ కాస్త నల్లగా, అంచు కాస్త తెల్లగా. “ఏమన్నా ఉందా?” అంది ఆవిడ. ఉందా అంటే ఏం చెప్పను, అంత ఆశగా అడిగాక? గుండ్రంగా తిరుగుతోందన్నాను. చేతులు చాపుకుని ఉందన్నాను. కళ్ళముందే తిరిగిందన్నాను కూడా. పొద్దున సెలూన్‌లో చెప్పాను, సెలూన్ అతను గడ్డాలన్నింటికీ చెప్పాడు, సాయంత్రానికి వీధిలో సగం మంది మా పెరట్లో తెర ముందు వంగి ‘అబ్బ, ఎంత దూరమో’ అనుకుంటున్నారు, నేను ఆ దూరం మీద కూడా ఒక కథ ఎత్తుకున్నాను. ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఇంకొంచెం ఎత్తుకున్నాను. అందరూ వెళ్ళాక, “టెలిస్కోపు కాస్త పక్కకు జరుపుతాను, చుక్కలు జరిగాయేమో చెప్పండి” అంది. జరిగాయన్నాను. “మీ గెలాక్సీ?” జరగలేదు. చుక్కలన్నీ జరిగిపోయినా అది మాత్రం తెర మీద అక్కడే మేకు కొట్టినట్టు కూర్చుంది. “అయితే అది ఆకాశంలో లేదు. మన గాజు మీదుంది” అంది. కెమెరా అద్దం మీద దుమ్ము కణం. నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి, ఇంట్లో మాటలుండేవి. “దుమ్ముకు ఊరేగింపు చేశాం” అని ఒక్క మాట అని, పెట్టెలు తెచ్చి, తడుముకుంటూ ఒక్కొక్కటీ సర్దింది. ఆ మర్నాడే పంతులమ్మకు ఫోన్.

టిక్. ఇంకో బొమ్మ. వీపు మీద చల్లగాలి తగిలింది, బనీను ఉంటే తగిలేది కాదు. బనీను ఊరికే పోలేదు, సాయంత్రం ఉద్యోగం చేసింది. పొద్దు గుంకి, ఆకాశం ఇంకా తెల్లగా ఉండగా మొదటి చుక్క రాగానే ఆవిడ గొట్టం మూతికి గాట్లు కోసిన అట్ట తగిలించింది, అది పెడితే చుక్కకు మూడు గీతలు పుడతాయి, రెండు కత్తెరలా, ఒకటి వాటి నడుమ. నడుమ గీత సరిగ్గా నడుమ ఉంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. బతుకంతా రోడ్డు నడుమ గీతను పట్టుకుని పోయినవాణ్ణి, ఇది నాకు రాదా. “నడుమ ఉందా?” అంది. ఉందనబోయి నాలుక మడిచాను. “లేదోయ్. కాస్త ఎడమకుంది.” మర తిప్పింది. “ఇప్పుడు?” “ఇంకా ఎడమకే. వెంట్రుకంత.” వెంట్రుక అన్న మాటకు ఆవిడ తల ఇటు తిరిగింది, చెవి ఇటు పెట్టింది. “ఇప్పుడు సరిపోయింది. నేను ఒట్టేయను గానీ సరిపోయింది.” అప్పుడడిగింది, “మీ బనీను ఇవ్వండి” అని. ఉతికిన తెల్ల బనీను గొట్టం మూతికి ముడతల్లేకుండా బిగించి, దాని గుండా తెల్లటి ఆకాశాన్ని నాలుగైదు బొమ్మలు తీసింది. బనీనులో చుక్కలుండవు, కనిపించేదంతా మన గాజు మీది మచ్చలే. ఆ మచ్చల్ని ల్యాప్‌టాపు గుర్తు పెట్టుకుని రాత్రి బొమ్మలోంచి తీసేస్తుంది. ఇక ఏదైనా మిగిలితే అది పైదే. ఎంత తెలివి. కిందటి నెలే నా బనీను అడిగి ఉంటే దుమ్ము పరువు దక్కేది, నా పరువూ దక్కేది. కానీ అప్పుడు అడగలేదంటే నా నోటినే నమ్మిందన్నమాట, బనీను కంటే ముందు నన్ను నమ్మింది.

ఆ గెలాక్సీ నుంచి వెలుగు బయల్దేరి కోటి ఏళ్ళు దాటిందట. దారిలో ఏ స్టాపులోనూ ఆగకుండా, టీ కూడా తాగకుండా, మా పెరట్లో బట్టల తీగ పక్కన దిగడానికి వస్తోంది. ఇక్కడ చూస్తే చంద్రుడి వెలుగు, కిందటి స్టాపులో ఎక్కి అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చే లోకల్ ప్రయాణికుడు, బస్సంతా వీళ్ళే నిండిపోయారు, ఆ దూరపు ముసలాయనకు సీటు ఎక్కడ దొరుకుతుంది? డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తే ఇలాంటివాళ్ళు కనిపించేవాళ్ళు, గుంపు వెనక, ఒక తల, ఒక చెయ్యి. సూటిగా చూస్తే కనపడరు, రోడ్డు మీద కళ్ళు పెట్టి నడుపుతుంటే కంటి కొసకు దొరుకుతారు. ఆవిడ కూడా ఇదే చెప్పేది, టెలిస్కోపు కొన్న కొత్తలో, తన కళ్ళు బాగున్న రోజుల్లో. మసకగా ఉన్నదాన్ని సూటిగా చూడకండి, పక్కకు చూడండి, కంటి కొసకు చిక్కుతుంది అని. నాకు ఎప్పుడూ చిక్కలేదు, దేన్ని చూడాలంటే దాని మీదికే బస్సు పోనిచ్చే అలవాటు. ఇప్పుడు ఆవిడకు మిగిలినవి కంటి కొసలే. కొసలతోనే టీ కాస్తుంది, కొసలతోనే నా చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టానని కనిపెడుతుంది, మొన్న చంద్రుణ్ణి కూడా కొసతోనే చూసి ‘ఇవాళ తెగ బలిశాడు’ అంది. ఆ రెండు అంచుల మీద ఇల్లంతా నిలబడి ఉంది. ఈ టెలిస్కోపు పోతే మళ్ళీ ఆ కిటికీ పక్క కుర్చీయే. ఓ చంద్రుడా, చిన్నప్పుడు నిన్ను రోజూ ఆర్పేవాణ్ణని చెప్పింది అబద్ధమే, ఒప్పుకుంటున్నాను, కాస్త జరుగు.

“చాలు” అంది ఆవిడ. కెమెరా ఆగింది.

బల్లను దగ్గరికి లాక్కుంది. నా బనీను తీసి తల మీద గుడారంలా కప్పుకుంది, లోపల తెర వెలిగింది, వేళ్ళు మీటల మీద నడిచాయి, బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబోలు, ల్యాప్‌టాపు ఆయాసపడుతోంది. బనీనులోంచి చేయి బయటికొచ్చి నా మోచేయి పట్టి లాగింది. ఇద్దరం ఒకే బనీను కింద తలలు దూర్చాం, అది అన్నేళ్ళ పాత బనీను గనక సాగింది, కొత్తదైతే చిరిగేది.

“బొమ్మ నడుమ ఒకటి ఉండాలి. నేను ఇంకేమీ చెప్పను. ఏముందో చెప్పండి. కలపకండి.”

చూశాను. బూడిద. అక్కడక్కడా చుక్కలు, బూడిద. సూటిగా చూశాను, బస్సు పోనిచ్చినట్టు చూశాను, బూడిదే. “ఏమీ…” అన్నాను. ఆవిడ కదల్లేదు. చెవి దగ్గర ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, పొద్దున్నే వచ్చే బండి చప్పుడు కూడా వినిపిస్తున్నట్టే ఉంది, ఉందని చెప్పడం ఎంత తేలిక, ఒక్క మాట, గుండ్రంగా ఉంది చేతులు చాపుకుని ఉంది అనేస్తే ఈ రాత్రికి ఆవిడ ముఖం వెలుగుతుంది, ఎవరొచ్చి అడుగుతారు, బనీను సాక్ష్యం చెబుతుందా? నోరు తెరిచాను. తెరిచిన నోరు నాకే బరువుగా అనిపించింది. తెర మీది ఇంత సన్నటి వివరం ఆవిడ కంటి కొసలకు ఎప్పటికీ తేలదు, నేను ఏం చెబితే ఆకాశంలో అదే ఉంటుంది ఆవిడకు, ఇక ఆ పైన నేను దుమ్ము చల్లితే కడిగేవాళ్ళెవరు? “ఆగు. చూస్తున్నాను” అన్నాను. చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి నడుమ బూడిద కాస్త పలచబడింది. మచ్చ. తడి వేలితో సున్నం గోడను తాకితే మిగిలేపాటి మచ్చ.

“ఉందోయ్. నడుమ. కోలగా, మసగ్గా. చేతులేం లేవు. తిరగట్లేదు. మరీ చిన్నది.”

ఆవిడ నమ్మిందా? ముఖం చూద్దామని పక్కకు తిరిగాను. బనీను కింద తెర వెలుగులో ఆవిడ చెంప, చెవి, నెరిసిన పాయ, అటూ ఇటూ కదలని కన్ను. ఆ ముఖాన్నే చూస్తున్నాను, తెరను చూడట్లేదు, అప్పుడు కంటి కొసకు తెర పై మూలన ఏదో తగిలింది. సన్నటి గీత. మళ్ళీ తెర వైపు చూశాను, లేదు. ఆవిడ వైపు చూశాను, ఉంది. తెర వైపు, లేదు. ఆవిడ వైపు, ఉంది.

ఇప్పుడేం చేయను? ఒకటి చూపిస్తే రెండు చెప్పేవాణ్ణి నేను, మా పంతులు బల్ల మీది పలక ఇంకా కళ్ళముందే ఉంది. నడుమ ఒకటి ఉంటుందంది ఆవిడ, ఒకటే. ఒకటి చెప్పాను, సరిపోయింది, నమ్మేట్టే ఉంది, బండి వెనక్కి పోయేట్టే ఉంది. ఇప్పుడు రెండోది అన్నానా, మొదటిది కూడా పోతుంది. అయినా నేను కలపట్లేదే, అదే వచ్చి కూర్చుంది. తీసేస్తే కూడా అబద్ధమే కదా, వెంట్రుకంత కలపదు వెంట్రుకంత తీయదు, ఆవిడ ఇన్నేళ్ళూ ఎలా మోసిందో ఈ బరువు, నాకు ఒక్క రాత్రికే నడుం వంగిపోతోంది.

“ఏమోయ్.”

“ఊఁ.”

“కోప్పడకు. పై మూలన ఇంకోటి ఉన్నట్టుంది. సన్నగా. జీలకర్ర గింజంత. సూటిగా చూస్తే లేదు, నీ వైపు చూస్తే ఉంది. నేను చెప్పలేదనుకో. మొదటిదే రాసుకో.”

బనీను కింద ఆవిడ భుజం అదరడం మొదలుపెట్టింది, గచ్చు అదిరిపోతుందేమో అనుకున్నాను, కెమెరా ఎప్పుడో ఆగిపోయింది, అదిరినా ఫరవాలేదు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, డాక్టరు చెప్పాలి.

“అక్కడ రెండుంటాయండీ” అంది. “ఎప్పుడూ జంటగానే ఉంటాయి. నడుమ కోలగా ఒకటి, పక్కన సన్నగా ఒకటి. నేను మీకు ఒకటనే చెప్పాను.”

“ఎందుకోయ్?”

“ఎందుకేంటి. మీరు కదా చూసేది.” చేయి తడుముకుంటూ వచ్చి నా ముఖం మీద ఆగింది, ముక్కు దగ్గర, నడుమ, తనకు ఖాళీగా కనిపించే చోట. “అసలు రెండోదాన్ని దాచేద్దామనుకున్నారు కదూ? మీరు! ఉన్నది తగ్గిద్దామనుకున్నారు!”

ఎప్పటి నుంచో తెలియదు గానీ ఊపిరి బిగపట్టుకునే ఉన్నాను. అది ఆవిడ వేళ్ళకు తెలిసిపోయింది.

“ఇక వదలండి” అంది.

వదిలాను. బనీను గుడారం ఉబ్బింది. ఆవిడ అందులోంచి తల తీసి, తెర వెలుగు పెరడంతా చిందినా పట్టించుకోకుండా, పంతులమ్మ నంబరు వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ నొక్కింది. “బండి వద్దమ్మా” అంటోంది. “పిల్లల్నే ఇక్కడికి పంపండి. మా ఆయన చూపిస్తారు… ఆఁ, ఆయనే… ఫరవాలేదమ్మా, నమ్మొచ్చు.” ఒళ్ళోని మూత కింద పడి గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది, ఎవరూ తీయలేదు. నెత్తిన చంద్రుడు, ఒక్క అంగుళం కూడా జరగలేదు, జరగకపోయినా ఏం, ఆ వెలుగులోనే కదా ఆవిడ చెంప కనిపిస్తోంది నాకు. రేపు సెలూన్ కుర్చీలో కూర్చుని ఐదు గెలాక్సీలని చెబుతాను, ఆరోది నన్ను పేరు పెట్టి పిలిచిందని చెబుతాను. ఈ రాత్రికి మాత్రం రెండే.